ఉపవాసం చాటున దాక్కున్న నీరసం

నా పేరు విజయమ్మ, బస్సు కండక్టరుని. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడు ఊళ్ళ మధ్యే నా ఉద్యోగం, నా సంసారం కూడా. మేముండేది సూర్యాపేటలో. చెల్లెలు కరుణ కోదాడలో కర్రీ పాయింట్ నడుపుతుంది. మా ఆయన యోహాను మిర్యాలగూడ రైస్ మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేస్తాడు. అక్కడే గది తీసుకుని ఉండి, ఆదివారానికి ఇంటికొస్తాడు. మాకు పిల్లలు లేరు. వారమంతా ఇంట్లో నేనూ, మా అత్తమ్మ సుందరమ్మా.

కిక్కిరిసిన బస్సులో వెనక తలుపు దగ్గర నిలబడి డ్రైవరు పక్కన కూర్చున్న వాళ్ళను కూడా గదమాయించిన గొంతు నాది. ఆ గొంతు కొన్నాళ్ళు మంచినీళ్ళు అడగడానికి కూడా లేవలేదు. ఇప్పుడు లేస్తోంది కాబట్టి రాస్తున్నాను. నా ధైర్యం కోసం కొంత. ఆసుపత్రి కుర్చీల్లో ఫైలు ఒళ్ళో పెట్టుకుని పేరు పిలుస్తారేమోనని చూస్తున్న వాళ్ళ కోసం కొంత.

వానాకాలం

మొదట కుడి డొక్కలో బరువు. బస్సులో నిలబడీ నిలబడీ నడుం పట్టిందనుకున్నాను. తర్వాత యూనిఫాం వదులైంది. డైటింగా అని తోటి కండక్టర్లు ఆటపట్టించారు. స్కానింగ్ తీసిన డాక్టరు మాత్రం నవ్వలేదు, వెంటనే హైదరాబాద్ వెళ్ళమన్నాడు.

కాలేయంలో క్యాన్సర్ అని తేలింది. కాలేయం అనగానే చుట్టాలంతా యోహాను వంక చూశారు, ఆయన తాగితే నాకు అంటుకున్నట్టు. పాపం ఆయన పండక్కి కూడా చుక్క ముట్టడు. నా ఒంట్లో హెపటైటిస్ బి అనే వైరస్ ఏళ్ళ తరబడి ఉందట, లోపల లోపలే కాలేయాన్ని తినేసిందట. ఎప్పుడొచ్చిందో, ఎలా వచ్చిందో చెప్పలేమన్నారు. నాకు మా వాళ్ళందరి మీదా కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియక సీరియల్ చూస్తున్న అత్తమ్మ చేతిలోంచి రిమోట్ లాక్కుని టీవీ కట్టేశాను.

క్రిస్మస్ ముందు నుంచి

ఆపరేషన్‌కు వీలులేదన్నారు. మూడు వారాలకోసారి హైదరాబాద్ వెళ్ళి మందు ఎక్కించుకోవాలి. డిపోలో సెలవు పెట్టాను. ఇమ్యునోథెరపీ అంటారు. డాక్టరు మాకు అర్థమయ్యేలా చెప్పాడు.

“మీ ఒంట్లో కాపలావాళ్ళున్నారమ్మా. వాళ్ళు నిద్రపోతున్నారు. ఈ మందు వాళ్ళను లేపుతుంది. కాకపోతే ఒక్కోసారి దొంగతో పాటు ఇంటివాళ్ళను కూడా కొడతారు. చర్మం, పేగులు, థైరాయిడ్, ఏదైనా సరే. మందు ఎక్కించిన రోజే రావాలని లేదు, నెలల తర్వాత కూడా రావచ్చు. కొత్తగా ఏది కనిపించినా ఫోన్ చేయండి. మీరే ఓ కారణం చెప్పుకుని ఊరుకోవద్దు.”

నర్సు ఒక కార్డు ఇచ్చింది. నేను ఫలానా మందు మీద ఉన్నానని రాసి ఉన్న కార్డు. ఎప్పుడూ పర్సులో ఉంచుకోమంది. నేను దాన్ని భద్రంగా ఫైలులో పెట్టి, ఆ ఫైలును ఇంకా భద్రంగా బీరువాలో పెట్టాను.

తిండి గురించి చెప్పే అమ్మాయి వేరే గదిలో కూర్చుంటుంది. “ఆంటీ, మీ లివర్ పాతలా శక్తిని దాచిపెట్టుకోలేదు. ఎక్కువసేపు కడుపు ఖాళీగా ఉంచితే ఒళ్ళు మీ కండనే కరిగించుకుంటుంది. కొంచెం కొంచెం తినండి, మాటిమాటికీ తినండి. గుడ్డు, పప్పు, పెరుగు. పడుకునే ముందు కూడా ఏదో ఒకటి,” అంది. నేను తల ఊపాను. డ్యూటీలో నేను ఏనాడు వేళకు తిన్నాను గనక? పొద్దున ఓ టీ, డిపోకు చేరాక అన్నం. మా కండక్టర్లందరి కడుపులూ అంతే.

రెండోసారి మందు ఎక్కించాక ఒళ్ళంతా దురద, వీపు మీద ఎర్రటి దద్దుర్లు. ఫోన్ చేశాం. నర్సు ఫోటో పెట్టమంది, పూత మందు చెప్పింది, వారంలో తగ్గింది. “ఇంతేనా సైడ్ ఎఫెక్ట్ అంటే?” అన్నాడు యోహాను. నాకూ అలాగే అనిపించింది. సైడ్ ఎఫెక్ట్ కంటికి కనబడుతుందని, ఫోటో తీయొచ్చని ఇద్దరం ఖాయం చేసేసుకున్నాం.

శ్రమదినాలు

ఈస్టరు పండక్కి ముందు వచ్చే శ్రమదినాల్లో మా వాళ్ళు ఉపవాసాలుంటారు. పొద్దున్నుంచి ఏమీ తినరు, సాయంత్రం ఎవరో ఒకరింట్లో ప్రార్థన అయ్యాక తింటారు. ఆదివారాలు మాత్రం ఉండరు. ఈసారి అత్తమ్మ చర్చి ఆడవాళ్ళను కూడగట్టి నా పేరున గొలుసు ప్రార్థన పెట్టించింది. అంటే, రోజుకొక ఇల్లు. ఆ రోజు ఆ ఇంటి ఆడమనిషి నా కోసం పస్తుంటుంది. అత్తమ్మ మాత్రం ఆదివారం తప్ప అన్ని రోజులూ ఉంది.

“నువ్వు తినాలె బిడ్డా. నీ బదులు మేముంటం గద,” అనేది అత్తమ్మ, నా ముందు కంచం పెట్టి.

ఆ కంచం ముందు కూర్చుంటే నాకు ముద్ద దిగేది కాదు. నా కోసం కడుపు మాడ్చుకున్న మనిషి ఎదురుగా కూర్చుని నాకు పప్పు వడ్డిస్తుంటే ఎట్లా మింగను? చర్చిలో సగం మంది కూలి పనికి పోయేవాళ్ళు. ఎండలో మిరప తోటల్లో పని చేసి, నా పేరు చెప్పి పచ్చి మంచినీళ్ళు తాగి వస్తున్నారు. రెండో రోజే అత్తమ్మకు చెప్పేశాను, నేనూ ఉంటానని.

“పానం ఆగుతదా?” అంది.

“ఆగుతది అత్తమ్మా.”

“సరే మల్ల. నీ పానానికి నువ్వు మొక్కుకుంటే దేవుడు జల్ది ఇంటడు.”

యోహానుకు చెప్పలేదు. దాచాలని కాదు. ఉపవాసం ఉన్న సంగతి నలుగురికీ చాటుకోకూడదని మాకు చిన్నప్పటి నుంచి నేర్పారు. తలకు నూనె రాసుకుని, మొహం కడుక్కుని, ఏమీ లేనట్టు తిరగాలి. ఆయన వచ్చేది ఆదివారం. ఆ రోజు కోడికూర వండుతాం, నేనూ తింటాను. ఆయన కళ్ళకు నేను వారమంతా అలాగే తింటున్నట్టు.

మొదట్లో బాగానే ఉంది. తర్వాత మెల్లగా ఒంట్లోంచి ఎవరో గాలి తీసేస్తున్నట్టు అయింది. మెట్లెక్కితే కాళ్ళు వణికేవి. మంచం మీంచి లేస్తే కళ్ళ ముందు చీకట్లు. తర్వాత తర్వాత సాయంత్రం అన్నం చూసినా వికారం. ఎండలు మండుతుంటే నేను దుప్పటి కప్పుకునేదాన్ని. అన్నిటికీ నా దగ్గర సమాధానం సిద్ధంగా ఉంది: ఉపవాసం కదా. అత్తమ్మ కూడా అదే అంది. ప్రార్థనకు వచ్చిన వాళ్ళంతా మాకూ అట్లనే ఉంటదమ్మా అన్నారు. వాళ్ళకు సాయంత్రం తినగానే తగ్గేది, నాకు తగ్గేది కాదు. ఆ తేడా ఎవరికీ తట్టలేదు.

వీధి చివర ఉండే ఆర్.ఎం.పి. డాక్టరును అత్తమ్మ పిలుచుకొచ్చింది. ఆయన కళ్ళు చూసి, వీక్‌నెస్ అని సెలైన్ ఎక్కించాడు. ఆ పూట లేచి తిరిగాను. దాంతో ఇంకా ధీమా వచ్చింది మాకు. మూడో నాటికి మళ్ళీ అదే స్థితి.

మధ్యలో మందు ఎక్కించే రోజు వచ్చింది. హైదరాబాద్‌లో డాక్టరు నా బీపీ చూసి, “తక్కువగా ఉందే. బరువు కూడా తగ్గారు. సరిగ్గా తింటున్నారా?” అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే యోహాను అందుకున్నాడు. “మంచిగ తింటది సార్. మొన్న ఆదివారం నా ముంగటనే తిన్నది.”

ఉపవాసం గురించి ఎవరికీ చెప్పకూడదన్న లెక్కలో డాక్టరును కూడా కలిపేశాను. ఇప్పుడు తలుచుకుంటే నా నెత్తి మీద నేనే మొట్టుకోవాలనిపిస్తుంది. అర నిమిషం పని. సార్, నేను సాయంత్రం దాకా తినడం లేదు, తిన్నా నీరసం పోవడం లేదు అంటే చాలు. ఆయన రక్త పరీక్షలు రాసేవాడు. అనలేదు. మందు ఎక్కించారు, ఇంటికొచ్చాం.

గుడ్ ఫ్రైడే ముందు రోజు

కోదాడలో చెల్లెలు తన ఇంట్లో ప్రార్థన పెట్టుకుంది. నేను ముందుగా బస్సులో బయలుదేరాను. అత్తమ్మ సాయంత్రానికి వస్తానంది. బస్సులో కూర్చున్నంతసేపు ఏమీ తెలియలేదు. కోదాడ బస్టాండులో దిగుదామని లేచి నిలబడ్డాను. కమ్మీ పట్టుకున్నది గుర్తుంది, ఆ తర్వాత కరుణ మొహం గుర్తుంది. మధ్యలో ఎవరో నన్ను మోసుకొచ్చి బెంచీ మీద పడుకోబెట్టారు. నా ఫోన్‌లోంచి చెల్లెలికి ఫోన్ చేసింది కూడా వాళ్ళే. వాళ్ళెవరో ఇప్పటికీ తెలియదు.

“ఏంటే అక్కా ఇట్టా అయిపోయావు? పొద్దున ఏం తిన్నావు?” అంది కరుణ, కర్రీ పాయింట్ ఏప్రన్‌తోనే పరుగెత్తుకొచ్చి.

“ఉపవాసం,” అన్నాను. ఆ ఒక్క మాటకే ఆయాసం వచ్చింది.

కరుణకు కోపం వస్తే మా ఇద్దరికీ తల్లి అయిపోతుంది. “నీకు పిచ్చా? క్యాన్సర్ మందేసుకుంటా ఉపవాసమేంటి?” అని బస్టాండు వినేలా అరిచింది. అరుస్తూనే నా ఫోన్‌లో నర్సు నంబరు వెతికి కలిపింది. స్పీకర్‌లో పెట్టింది.

నర్సు గాబరా పడలేదు. నిలబడితే తల తిరుగుతోందా, వాంతి వచ్చినట్టుందా, చలిగా ఉందా, ఎన్నాళ్ళ నుంచి, అని ఒకటొకటే అడిగింది. అన్నిటికీ అవునన్నాను. అప్పుడు ఆమె గొంతు మారింది. “దగ్గర్లో ఏ హాస్పిటల్ ఉంటే అక్కడికి ఇప్పుడే తీసుకెళ్ళండి. ఇమ్యునోథెరపీ పేషెంట్ అని లోపలికి వెళ్తూనే చెప్పండి. అక్కడి డాక్టర్‌తో మా డాక్టర్ మాట్లాడతారు. ఒట్టి నీరసం అని ఎవరన్నా ఒప్పుకోవద్దు.”

కోదాడ ఆసుపత్రిలో ఇద్దరు డాక్టర్లు ఫోన్‌లో మాట్లాడుకున్నారు. నాకు ఏదో ఇంజెక్షన్ ఇచ్చి, సెలైన్ పెట్టి, అంబులెన్స్ మాట్లాడారు. రక్తంలో ఉప్పు బాగా పడిపోయిందన్నారు. ఇంకో పూట ఆగి ఉంటే అని డాక్టరు మొదలుపెట్టి, నా మొహం చూసి ఆపేశాడు. భయం వేసింది. క్యాన్సర్ అని చెప్పిన రోజు కన్నా ఎక్కువ భయం. ఆ రోజు చావు ఎక్కడో దూరంలో ఉంది, ఈ రోజు అంబులెన్స్‌లో నా పక్కన కూర్చుంది.

మిల్లులో బాయిలర్ ఇంకొకరికి అప్పజెప్పి యోహాను హుజూర్‌నగర్ మీదుగా బండి మీద వచ్చేశాడు. ఒళ్ళంతా ఊకదుమ్ముతోనే అంబులెన్స్ ఎక్కాడు. కరుణ అత్తమ్మకు ఫోన్ చేసి ఫైలు తీసుకుని సూర్యాపేట బైపాస్ దగ్గర నిలబడమంది. దాంతో పాటు ఇంకో మాట కూడా అంది.

“మీరంతా కలిసి మా అక్కను మాడ్చి చంపేట్టున్నారు అత్తమ్మా.”



బైపాస్ దగ్గర అంబులెన్స్ ఆగేసరికి అత్తమ్మ ఎండలో కొంగు నెత్తిన వేసుకుని ఫైలు గుండెకు పట్టుకుని నిలబడి ఉంది. ఎక్కి నా కాళ్ళ దగ్గర కూర్చుంది. యోహాను ఆమె వంక చూడలేదు. “ఉపాసమున్న సంగతి నాకెందుకు చెప్పలే?” అన్నాడు. ఆ మాట ఆమెను అడిగాడో, నన్ను అడిగాడో తెలియదు.

వార్డు

రక్త పరీక్షల్లో తేలింది. రోజంతా ఒంటిని నిలబెట్టే హార్మోను ఒకటుంటుందట. మందు లేపిన కాపలావాళ్ళు దాన్ని నడిపించే గ్రంథినే కొట్టారు. ఆ హార్మోను తయారీ దాదాపు ఆగిపోయింది. ఇక రోజూ మాత్రల రూపంలో వేసుకోవాలి, బహుశా జీవితాంతం. ఒక్క పూట కూడా మానకూడదు.

“సార్, ఉపవాసాలుండబట్టి వచ్చిందా?” అని యోహాను అడిగాడు.

“లేదు. ఇది మందు వల్లే వచ్చింది, తిన్నా వచ్చేది,” అన్నాడు డాక్టరు. “కానీ ఉపవాసం దీన్ని కప్పేసింది. నీరసం ఎందుకో మీకందరికీ తెలుసనుకున్నారు కాబట్టి ఎవరూ ఫోన్ చేయలేదు. పైగా తినక కండ కరిగిపోయింది. ఈ స్థితిలో ఇమ్యునోథెరపీ ఆపాలి. మళ్ళీ ఇవ్వగలమా లేదా అనేది ఈవిడ కోలుకునేదాన్ని బట్టి చూద్దాం.”

ఆ మందే నాకున్న దారి. అది మూసుకుపోతే ఇంకేముంది? అత్తమ్మ తలుపు దగ్గరే నిలబడి అంతా విన్నది.

మర్నాడు గుడ్ ఫ్రైడే. నర్సు ఉడికించిన గుడ్డు, ఇడ్లీ పెట్టి, ఖాళీ ప్లేటు చూస్తేనే వెళ్తానంది. నేను తింటుంటే అత్తమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆ రోజు ఆమె మంచినీళ్ళు కూడా ముట్టలేదు. నాతో మాట్లాడనూ లేదు. నన్ను మాట పడేట్టు చేశావని నా మీద కోపమా, శ్రమదినాల్లో కోడలు గుడ్డు తింటోందని బాధా? అడిగే ఓపిక నాకు లేదు. బస్సులో అయితే ఇలాంటి మనిషిని రెండు మాటల్లో దారికి తెచ్చేదాన్ని.

ఎండాకాలం

ఇంటికొచ్చాక కూడా ఆ మౌనం అలాగే సాగింది. పొద్దున నేను లేవకముందే మంచం పక్కన మాత్ర, గ్లాసుతో నీళ్ళు. తర్వాత పెసరట్టు, మధ్యలో గుడ్డు, మజ్జిగ, మధ్యాహ్నం ముద్దపప్పు, సాయంత్రం పల్లీలు, పడుకునే ముందు పాలు. అన్నీ వేళకు వచ్చేవి, ఒక్క మాట లేకుండా. ప్లేటు పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయేది. శుక్రవారం ప్రార్థనలకు వెళ్ళడం మానేసింది. పాస్టరు గారి భార్యను మేమంతా అమ్మగారు అంటాం. ఆమె ఇంటికొచ్చి పిలిచినా మోకాళ్ళ నొప్పులని చెప్పింది.

నేను మాత్రం నోరు తెరవడం నేర్చుకున్నాను. తల తిరిగితే ఫోన్. విరేచనాలైతే ఫోన్. జ్వరం వస్తే ఆ హార్మోను మాత్ర ఎంత పెంచాలో అడగడానికి ఫోన్. నర్సు విసుక్కుంటుందేమోనని భయపడేదాన్ని, ఒక్కసారీ విసుక్కోలేదు. కార్డు పర్సులోకి వచ్చింది. డాక్టరు ఎలా ఉన్నారంటే బాగున్నానని అనను. ఏం తిన్నానో, ఏం తినలేకపోయానో చెబుతాను. యోహాను జవాబు చెప్పబోతే చేత్తో ఆపుతాను. ఇది చదివేవాళ్ళలో ఈ మందు మీద ఉన్నవాళ్ళుంటే మీరూ అదే చేయండి. ఉపవాసం, పథ్యం, నాటుమందు, దీక్ష, ఏది చేస్తున్నా డాక్టరుకు చెప్పండి. దేవుడేమీ అనుకోడు.

బరువు మెల్లగా పెరిగింది. మెట్లు ఎక్కగలిగాను. ఒకరోజు వీధిలో చెత్త వేస్తున్న వాళ్ళ మీద అరిచాను. యోహాను సంతోషపడి మిల్లులో అందరికీ చెప్పుకున్నాడట. వానలు మొదలయ్యే వేళకు డాక్టరు రిపోర్టులన్నీ చూసి, మళ్ళీ మందు ఎక్కిద్దామన్నాడు. స్కానింగులో గడ్డ పెరగలేదు, కాస్త తగ్గింది కూడా. పూర్తిగా పోయిందని ఎవరూ అనలేదు. నేనూ అడగలేదు. దారి తెరుచుకుంది, ఆ రోజుకు అది చాలు.

స్తుతి కూడిక

మా ఇంట్లో కృతజ్ఞతా ప్రార్థన పెడదామని అమ్మగారే అన్నారు. గొలుసు ప్రార్థన చేసిన ఆడవాళ్ళంతా వచ్చారు. కరుణ కోదాడ నుంచి కూరలు వండుకుని తెచ్చింది. పాట అయ్యాక అమ్మగారు నన్ను సాక్ష్యం, అంటే దేవుడు చేసిన మేలు, చెప్పమన్నారు. అందరి కళ్ళూ నా మీదే. మా ఉపవాసాల వల్లే విజయమ్మ లేచింది అని నా నోట వినాలని వాళ్ళ ఆశ. అది తప్పేమీ కాదు, అంత ప్రేమతోనే ఉన్నారు.

లేచి నిలబడ్డాను. నిజం చెబితే అత్తమ్మ తలెత్తుకోలేదు. చెప్పకపోతే రేపు ఈ గదిలోనే ఇంకొకరు నాలా పడిపోతారు. బీపీ గోలీలు, షుగర్ గోలీలు మింగేవాళ్ళు నాకు తెలిసే అక్కడ కొందరున్నారు. గొంతు సవరించుకుంటూ నిలబడిపోయాను.

“నువ్వు కూసో బిడ్డా.”

అత్తమ్మ. వంటింటి గుమ్మంలోంచి ముందుకొచ్చింది. ఆమె ఏనాడూ సాక్ష్యం చెప్పిన మనిషి కాదు. చేతులు కొంగుకు తుడుచుకుంటూ నిలబడింది.

“నా కోడలు ఉపాసముండి బతకలే. తిని బతికింది,” అంది. “దాని పానం పోతుంటే నేను సూసుకుంట కూసున్న. భక్తి అనుకున్న. డాక్టరుసారు చెప్పింది నా చెవులతోటి ఇన్న. ఆ దినం నుంచి దాని మొకం సూడలేకపోతున్న, మాట్లాడలేకపోతున్న. దేవుణ్ణి అడిగిన, నన్ను మాఫ్ జేయమని. దీన్ని మాత్రం అడగలే. ఇప్పుడు అడుగుతున్న.”

నేను లేచి ఆమె దగ్గరికి వెళ్ళాను. ఏం అన్నానో గుర్తులేదు, ఏడుస్తున్నాను. ఆమె నా తలను భుజానికి ఆనించుకుని, నా మీదుగా అందరి వైపూ చూసింది.

“ఇగ మీ ఇండ్లల్ల గోలీలు మింగెటోళ్ళు ఎవలున్నా ఉపాసముండకున్రి. ఉండెటట్టయితే దవాఖానల అడిగి ఉండున్రి.”

వెనక వరసలో శాంతమ్మ అనే పెద్దావిడ మెల్లగా చెయ్యెత్తింది. “సుందరమ్మా, నాకు షుగరున్నది. పొద్దుగాల సూది ఏసుకున్న. కూడికని ఇయ్యాల కూడ ఉపాసమున్న, ఏం తినలే. కండ్లు తిరుగుతున్నయి.”

అమ్మగారు పాటల పుస్తకం మూసేశారు. “ముందు అన్నాలు పెట్టండి, పాట తర్వాత పాడుకుందాం,” అన్నారు. అత్తమ్మ అప్పటికే శాంతమ్మకు కంచంలో వడ్డిస్తోంది.